నాన్నా, నేను నీ కూతుర్ని కాదు

జూన్ 4

నాన్నకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే అత్త, నేను, మూడు మేకలు. బాగున్నామని ఒట్టినే రాస్తే అత్త ఒప్పుకోదు, తన మోకాలి నొప్పి కూడా రాయమంది. రాశాను.

పన్నెండో తరగతి పాసయ్యాను. లెక్కల్లో ఊరందరికన్నా నాకే ఎక్కువ మార్కులు. "ఊళ్ళో లెక్కలు రాసింది నలుగురేగా" అంది అత్త. బడులు తెరిచే రోజులు కదా, ఆమె మిషను ఆగడం లేదు. యూనిఫారాల గుట్ట వెనక నుంచి గొంతు వినిపిస్తుంది గాని మనిషి కనిపించదు. నేను పక్కన కూర్చుని కాజాలు కుడుతున్నాను.

నిన్న క్షవరం కొట్టుకి వెళ్ళాను నాన్నా. ఈ జడ తీసేసి అబ్బాయిల క్రాపు కొట్టమన్నాను. కొట్టాయన కత్తెర దాచేశాడు. "మీ అత్త నా చెవులు కోస్తుందమ్మా. మీ నాన్న రాసిస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. కాబట్టి ఓ ముక్క రాసి పంపు.

ఇంకో సంగతి. నీ కొండ మీద సిగ్నల్ ఉండి ఉంటే ఫోన్లోనే చెప్పేవాణ్ణి. నాన్నా, నేను నీ కూతుర్ని కాదు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నీకూ ఎక్కడో తెలిసే ఉంటుందని నా అనుమానం. ఇంతకంటే వివరంగా రాయాలంటే చెయ్యి ఆడడం లేదు. కోపం తెచ్చుకోకు.

నీ
పిడుగు

జూన్ 19

పిడుగుకి,

డీజిల్ లారీతో నీ ఉత్తరం అందింది. రోడ్డు రోలరు మీదే కూర్చుని చదివాను. చదివాక బండి ఆపడం మర్చిపోయాను. ఎటూ మనిషి నడక కంటే నెమ్మదిగా పోయే బండి కాబట్టి సరిపోయింది, కంకర మోసేవాళ్ళు తాపీగా పక్కకి జరిగారు.

ఏరా నాన్నా, నువ్వు నా కూతురివి కాదని ఎవడు కూశాడు? వాడి పేరు రాయి, వచ్చి మాట్లాడతాను. నువ్వు పుట్టిననాడు వానకి కరెంటు పోతే టార్చిలైటు పట్టుకుని గుమ్మంలో నించున్నవాణ్ణి నేను. మీ అమ్మ లోపలి నుంచి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. దత్తతా లేదు, ఆసుపత్రిలో మారిపోవడమూ లేదు. అనుమానముంటే అద్దంలో నీ చెవులు చూసుకో. అంత చేటలు మన వంశంలో తప్ప ఇంకెక్కడా దొరకవు. పురుడు పోసిన నర్సమ్మ ఇంకా ఊళ్ళోనే ఉందిగా, వెళ్ళి అడుగు. అక్కకి కూడా విడిగా ఘాటుగా రాశాను. తల్లి లేని పిల్ల ముందు ఎవరేం వాగుతున్నారో కనిపెట్టుకుని ఉండొద్దా?

జుట్టు సంగతి. పేలు పడితే పేన్ల దువ్వెన ఉంటుంది, క్రాపు ఎందుకు?

ఇంకొకటి. "చెప్పేవాణ్ణి" అని రాశావు. "చెప్పేదాన్ని" అనాలి. లెక్కల్లో మార్కులు సరే, తెలుగులో నిన్నెవరు పాస్ చేశారు?

మీ నాన్న

జులై 2

నాన్నకు,

నువ్వు ఘాటుగా రాసిన ఉత్తరం అత్తకి చేరింది. అన్నం మానేసింది. "కన్నదానిలా పెంచితే నా మీదే నింద వేస్తాడా" అని నా చెయ్యి పట్టుకుని నర్సమ్మ దగ్గరికి బయల్దేరింది. నర్సమ్మ ఇంట్లో లేదు, పాలకేంద్రంలో ఉంది. పొద్దున పాలు పోసే వేళ. క్యాన్లతో ఊరంతా వరసలో ఉంది. అత్త అక్కడే అడిగింది, "ఇది మా తమ్ముడి బిడ్డా, కాదా? అందరి ముందూ చెప్పు."

నర్సమ్మ చెప్పింది, మీ తమ్ముడి బిడ్డే అని. కాని అప్పటికే వెనక ఉన్నవాళ్ళకి సగమే వినపడింది. మధ్యాహ్నానికి నీకు కొండ మీద రెండో సంసారం ఉంది. సాయంత్రానికి అక్కడ నీకో బిడ్డ కూడా పుట్టాడు. పాలకేంద్రం ఆయన నా తల నిమిరి, పాలలో నీళ్ళు కలపకుండా పోశాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

నాన్నా, నేను నీ బిడ్డనే. నా చెవుల మీద ఒట్టు. నేనన్నది వేరు. నీ బిడ్డనే గాని, ఆడపిల్లగా ఇంక ఈ ఇంట్లో ఉండలేను. వయసొచ్చింది కదా, ఇంక దాచుకుని లాభం లేదు. నా బతుకు నేను బతకాలి. అర్థం చేసుకుంటావనుకుంటాను. పేలు లేవు.

నీ
పిడుగు

జులై 17

పిడుగుకి,

నీ ఉత్తరం చదివి తల దించుకున్నాను. తప్పు నాది. ఏ ఆడపిల్లయినా ఎల్లకాలం పుట్టింట్లో ఉంటుందా? పిల్ల నోరు తెరిచి అడిగేదాకా తండ్రికి తోచలేదంటే ఆ తండ్రి బుర్ర కూడా రోలరులాగే నడుస్తున్నట్టు.

ఇక్కడి స్టోరు కీపరుకి ఒక మేనల్లుడున్నాడు. పంపుసెట్లు బాగుచేస్తాడు. మంచి కుర్రాడు, కాస్త నత్తి. నత్తి ఉన్నవాడు పెళ్ళాంతో పోట్లాటలో ఎప్పుడూ గెలవడు, అది నీకే లాభం. ఒకమాట అనేసుకున్నాం. నా సెలవు దొరకగానే వాళ్ళని తీసుకుని వస్తాను. ఈలోగా జడ జోలికి పోకు.

రెండో సంసారం సంగతి విన్నాను. ఇక్కడ నాతో కాపరం చేస్తున్నది ఈ రోలరొక్కటే, అది కూడా పొద్దున్నే ఓ పట్టాన మాట వినదు. ఊళ్ళో అడిగినవాళ్ళకి అలాగే చెప్పు.

మీ నాన్న

జులై 30

నాన్నకు,

ఈసారి ముందు రోలరు ఆపు. దిగు. నీడకి వెళ్ళి చదువు.

నేను అబ్బాయిని. వేషం కాదు, అల్లరి కాదు, పెళ్ళి తొందర అసలే కాదు. పుట్టినప్పుడు ఆడపిల్లనన్నారు, అందరూ అదే నిజమనుకున్నారు. నేనొక్కణ్ణే అనుకోలేకపోయాను.

ఒకటో తరగతిలో మగపిల్లలు ఒక వరస, ఆడపిల్లలు ఒక వరస నిలబడమన్నారు. నేను తిన్నగా వెళ్ళి మగపిల్లల్లో నిలబడ్డాను. టీచరమ్మ, పాపం, దారి తప్పాననుకుంది. చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చింది. అప్పటి నుంచి ఊళ్ళో ప్రతివాళ్ళూ చెయ్యి పట్టుకుని ఇవతలికి తెస్తూనే ఉన్నారు. అందరూ మంచివాళ్ళే, అదే నా కష్టం. పదమూడో ఏట నా ఒళ్ళు నాతో మాటైనా చెప్పకుండా వేరే దారి పట్టింది. మేకల కొట్టంలో కూర్చుని ఏడ్చాను. అత్తకి కడుపునొప్పని చెప్పాను. మేకలకి మాత్రం నిజం చెప్పాను.

ఇంట్లో రోజూ వింటూ ఉంటాను. మేక వచ్చింది. బస్సు వచ్చింది. జ్వరం వచ్చింది. పిడుగు వచ్చింది. పక్కింటి వెధవ, ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాడు, వాడు మాత్రం "వచ్చాడు". నువ్వు తెలుగు తప్పు రాశానన్నావే, తప్పు కాదు నాన్నా. ఆ ఉత్తరం మొత్తంలో నేను సరిగ్గా రాసిన మాట అదొక్కటే.

పాలకేంద్రం గొడవయ్యాక నర్సమ్మకి చెప్పాను. ఆమె బెదరలేదు. "ఆ రోజు ఆడపిల్లని చెప్పింది నేనే. కనిపించింది చెప్పాను. లోపలి మనిషి ఎవరో మీ నాన్న టార్చిలైటులో ఎలా కనిపిస్తుందిరా" అంది. ట్రాన్స్‌జెండర్ అంటారట నాలాంటివాళ్ళని. చాలామంది ఉన్నారట, నేనే మొదటివాణ్ణేం కాదట. ఆ మాట విన్నాక కాస్త కడుపు నిండా తిన్నాను. పట్నంలో పెద్దాసుపత్రిలో డాక్టరుంది, తొందరేం లేదు, వెళ్ళి మాట్లాడదాం అంది.

నత్తి అబ్బాయికి నా నమస్కారాలు చెప్పు. అతనికి అన్యాయం చెయ్యకు.

నాన్నా, నాకు జవాబు కావాలి. తిట్టినా సరే. నువ్వేమీ రాయకపోతే, అదే నీ జవాబనుకుంటాను.

పిడుగు

ఆగస్టు 28

నాన్నకు,

డీజిల్ లారీ వచ్చే రోజులన్నీ పోస్టాఫీసు అరుగు మీద గడిపాను. పోస్టుమాను నన్ను చూడగానే చేతులు తిప్పి చూపించడం మొదలుపెట్టాడు. చివరికి మొహం చాటేసి వేరే వీధిన వెళ్తున్నాడు. సరే. అర్థమయింది.

నేనే అత్తకి చెప్పాను. మిషను ఆపకుండానే వింది. వినడం అయ్యాక, "నువ్వు ఊయల్లో ఉన్నప్పటి నుంచీ వాడు నిన్ను ఏరా, ఏరా అన్నాడు. ఆడపిల్లనెందుకురా అలా పిలుస్తావంటే ముద్దు అన్నాడు. ఇప్పుడు చూడు" అంది. మేక వచ్చింది, పిడుగు వచ్చింది అన్న బాధ కూడా చెప్పాను. "నేనూ అరవై ఏళ్ళుగా వచ్చింది, పోయింది అనే అనిపించుకుంటున్నాను, నాకేమైంది?" అంది. నీకు బాధ లేదు, నాకుంది అన్నాను. అప్పుడు మిషను ఆపింది.

ఆ మర్నాడు ఆమె లేనప్పుడు జడ నేనే కోసేసుకున్నాను. వచ్చి చూసి అత్త ఎంత అరిచిందంటే మేకలు తాళ్ళు తెంపుకున్నాయి. కాని ఆ అరుపులు జుట్టు గురించి కాదు. "బట్టల కత్తెరతో వెంట్రుకలు కత్తిరిస్తావా? పదును పోదూ? నువ్వు పుట్టకముందు నుంచీ దాచుకుంటున్న కత్తెర. ఇంట్లో ఇంకో కత్తెర లేదా నీకు?" అని. తర్వాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక వంకర పోయిందని, అదే కత్తెరతో సరిచేసింది. ఎలాగూ పాడయిందట.

ఊళ్ళో కూడా ఆమే చెప్పింది. నీ రెండో సంసారం గురించి ఇంకా గుసగుసలాడుతున్నారని కోపమొచ్చి పాలకేంద్రం దగ్గర నిలబడి, "మా తమ్ముడికి ఎక్కడా ఏ సంసారమూ లేదు. మా పిల్ల పిల్లాడట. అంతే" అనేసింది. "అంతేనా" అన్నారట. కొందరైతే నిరుత్సాహపడ్డారని నర్సమ్మ చెప్పింది. క్షవరం కొట్టాయన నన్ను పిలిచి మెడ మీద మిషను పెట్టి నున్నగా చేసి, "మీ అత్త కత్తెరపని చొక్కాలకే బాగుంటుంది" అన్నాడు.

అన్నీ నవ్వే సంగతులు కావు. బస్టాపు దగ్గర కూర్చునే నలుగురు నన్ను చూసి ఏమంటున్నారో ఇక్కడ రాయను. హెడ్మాస్టరు గారి భార్య, కుట్టమని ఇచ్చిన జాకెట్టు బట్టలు తిరిగి తీసుకెళ్ళింది. మా ఇంట్లో వాతావరణం బాలేదట. అత్త వాటిని చక్కగా మడిచి, గుమ్మం దాకా వెళ్ళి చేతికిచ్చింది. లోపలికొచ్చి, సూది కింద బట్ట లేకుండానే చాలాసేపు మిషను తొక్కింది.

ఆమె పని నా వల్ల పోకూడదు. పట్నంలో నర్సమ్మ తమ్ముడికి లారీల షెడ్డుంది. పని నేర్పుతానన్నాడు. సోమవారం వెళ్తున్నాను. షెడ్డు చిరునామా కింద రాస్తున్నాను. ఉపయోగించాలని బలవంతమేం లేదు.

పిడుగు

సెప్టెంబరు 6

పిడుగుకి,

నీ ఉత్తరాలు రెండూ మొన్ననే కలిసి వచ్చాయి. కొండచరియ విరిగి మేం వేసిన రోడ్డు మా కళ్ళ ముందే లోయలోకి పోయింది. నెలకి పైగా లారీ లేదు, ఉత్తరం లేదు. ఉల్లిపాయ కూడా లేదు. నాన్న మాట్లాడలేదనుకుని ఇన్నాళ్ళు అరుగు మీద కూర్చున్నావా? నేను రాయలేదు, నిజమే. నాకు చేరలేదురా.

పైగా నా ఖర్మ, రెండో ఉత్తరం ముందు చించాను. కత్తెరకి పదును పోయిందట, ఊరు నిరుత్సాహపడిందట, పిల్ల పిల్లాడట. తల, తోక తెలియలేదు. తర్వాత మొదటిది చదివాను. నువ్వు చెప్పినట్టే బండి దిగి నీడకి వెళ్ళే చదివాను.

నీకు అబద్ధం రాయను. మొదట కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మళ్ళీ బండెక్కి, పూర్తయిపోయిన ముక్క మీదే పొద్దుగూకేదాకా ముందుకీ వెనక్కీ తోలాను. ఇంజనీరు గారు వచ్చి చూసి, ఇంత నున్నటి రోడ్డు ఈ కొండ మీద ఎవరూ వెయ్యలేదన్నారు. కోపానికి ఉపయోగముంది. కాని తోలుతూ తోలుతూ ఉంటే తోచింది. ఆ పిల్లల వరసలో నీ చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా. నువ్వు ఎన్నిసార్లు అవతలికి నడిచి ఉంటావో నేను లెక్కే పెట్టలేదు. ఇదంతా పూర్తిగా అర్థమైందని చెప్పను. ఇంజను ఎలా తిరుగుతుందో పూర్తిగా తెలియకుండానే బండి ఇన్నేళ్ళు నడిపాను, ఇదీ నడుపుతాను.

ఊళ్ళో ఎవరైనా చెయ్యి చేసుకుంటారేమోనని మాత్రం భయంగా ఉంది. షెడ్డులో మనుషులు ఎలాంటివాళ్ళో రాయి. అక్కడ బాగుంటే ఉండు, నేర్చుకో. బాగోకపోతే ఇంటికి వెళ్ళు. ఆ ఇల్లు హెడ్మాస్టరు గారి భార్యది కాదు. చదువుకున్నదానివి, నీకు వేరే చెప్పాలా.

పైన "చదువుకున్నదానివి" అని పడింది. కొట్టేస్తున్నాను, చూసుకో. చదువుకున్నవాడివి. రోలరు వెనక్కి తోలాలంటే ముందు పూర్తిగా ఆగాలి, గేరు మార్చాలి, అప్పుడు కదులుతుంది. కాస్త టైమియ్యి.

సంబంధం వాళ్ళకి చెప్పేశాను. "మా ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్ల లేదండీ" అన్నాను. స్టోరు కీపరు నోరు తెరిచాడు. "మొన్న ఉందన్నావుగా?"

"పొరబాటు పడ్డాను."

"ఇంట్లో కూతురుందో లేదో కూడా పొరబాటు పడే మనిషికి అంత పెద్ద బండి ఎవరిచ్చారయ్యా" అన్నాడు. అప్పటి నుంచి నేను ఎదురొస్తే దారి ఇస్తున్నాడు.

మీ నాన్న

సెప్టెంబరు 20

నాన్నకు,

నీ ఉత్తరం షెడ్డులో లారీ కింద పడుకుని చదివాను. కళ్ళలో గ్రీజు పడిందని మా ఓనరుకి చెప్పాను. "గ్రీజు పడితే అంత నవ్వుతూ ఎవడూ ఏడవడు" అన్నాడు.

ఇక్కడి మనుషులు మంచీ చెడ్డా కలిసినవాళ్ళు, ఎక్కడైనా ఉన్నట్టే. మొదటి రోజే అందరూ "తమ్ముడూ, ఆ స్పానరు ఇలా అందుకో" అన్నారు. నేను స్పానరు బదులు సుత్తి అందించాను, అంత ఆనందమేసింది. ఓనరుకి నర్సమ్మ ముందే అంతా చెప్పింది. "టైరు విప్పడం వచ్చా, రాదా, నాకదొక్కటే కావాలి" అన్నాడు. రాదు. నేర్చుకుంటున్నాను. డాక్టరుని కూడా కలిశాను. నెమ్మదిగా మాట్లాడింది, మళ్ళీ రమ్మంది.

పోయిన ఆదివారం అత్త బస్సెక్కి వచ్చింది. ఒక పొట్లం నా ఒళ్ళో పడేసి, "ముక్కలు మిగిలితే కుట్టాను" అంది. చొక్కా. ముక్కలూ కాదు, మిగలడమూ కాదు, తానులోంచి చింపిన కొత్త బట్ట. గుండీలు కుడివైపు, కాజాలు ఎడమవైపు, మగవాళ్ళ చొక్కాకి ఉన్నట్టే. కొలతలు ఎప్పుడు తీసుకున్నావంటే, "నిద్రపోయేటప్పుడు" అంది. కాలరు మాత్రం కాస్త ఎత్తుగా ఉంది. ఆ మాట అన్నాను. అనకూడదు. షెడ్డులో ఉన్న ప్రతి డ్రైవరు చొక్కాలోనూ కుట్టు తప్పులు చూపించి మరీ వెళ్ళింది. ఇద్దరు కొత్తవి కుట్టమని ఆర్డరిచ్చారు.

నువ్వు క్యాంపులో నా గురించి ఏం చెబుతావు నాన్నా? ఊరికే అడుగుతున్నాను. దాచినా ఏమీ అనుకోను.

నీ
పిడుగు

అక్టోబరు 4

పిడుగుకి,

నువ్వడిగిన ప్రశ్నకి నేను చెప్పాల్సిన జవాబు కాస్త పెద్దది. ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం వచ్చిననాడు టీల వేళకి గుడారం బయట కూర్చుని చదువుకుంటున్నాను. తారు మేస్త్రీ వచ్చి, "ఏంటి ఒక్కడివే నవ్వుకుంటున్నావు, ఉత్తరం ఎక్కడి నుంచి?" అన్నాడు. దాస్తే ఏమీ అనుకోనని నువ్వు రాసిన చోటే అప్పుడు నా వేలుంది. "మావాడు రాశా..." అనబోయి, "మావాడి సంగతి. నా కొడుకు" అన్నాను.

"నీకు కొడుకెక్కడున్నాడు?"

"ఉన్నాడు. ఈమధ్యే తెలిసింది" అన్నాను. మేస్త్రీ నా మొహం ఓసారి చూసి, లేచి వంటగుడారం వైపు పరిగెత్తాడు. ఆ వయసులో అతను పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి క్యాంపంతా నా చుట్టూ ఉంది. కంకర కొట్టేవాళ్ళు, డీజిల్ లారీ డ్రైవరు, చివరికి స్టోరు కీపరు కూడా. "అయితే మగపిల్లాడన్నమాట. ఆ రోజు నీ తికమకంతా ఇదేనా, ముందే చెప్పొచ్చుగా" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంత వయసొచ్చాక పిల్లాణ్ణి కన్నందుకు కొందరు నా వీపు తట్టారు, కొందరు మెచ్చుకోలుగా దూరం నుంచి చూశారు. వంటాయన టీలో పంచదార రెట్టింపు వేసి అందరికీ పోశాడు. ఇంజనీరు గారు అరపూట సెలవిచ్చారు. తాడు పేనే ముసలావిడ అప్పటికప్పుడు ఉన్ని తెచ్చి నీకో టోపీ మొదలుపెట్టింది. నా గుప్పెడంత ఉంది. నీ చెవులకి ఏం సరిపోతుంది?

సరిదిద్దాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. కాని మనిషి పుట్టాడని అంతమంది ఒక్కసారిగా సంతోషపడుతుంటే, కాదని చెప్పడానికి అందులో నాకు అబద్ధమేమీ కనపడలేదు. నువ్వు పుట్టిననాడు వానలో నేనొక్కణ్ణే నిలబడ్డాను, అభినందించడానికి నర్సమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ బాకీ తీరిందనుకున్నాను. సెలవు నుంచి తిరిగి వచ్చాక నెమ్మదిగా ఒక్కొక్కళ్ళకే అసలు సంగతి చెబుతాను. నువ్వు వద్దంటే చెప్పను. వచ్చే నెల మొదటి వారంలో దిగుతున్నాను. ముందు షెడ్డుకే వస్తాను.

"పిల్లాడు బరువెంత?" అని వంటాయన అడిగాడు.

"యాభై కిలోలు ఉంటాడు" అన్నాను. క్యాంపంతా పడీ పడీ నవ్వింది. నిజం చెబితే ఇంత నవ్వుతారని నాకు తెలియదు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాను.

మేస్త్రీ అది కనిపెట్టి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి, "తల్లీబిడ్డా క్షేమమేగా?" అన్నాడు.

"మేనత్తా బిడ్డా క్షేమం" అన్నాను.

మీ నాన్న